సంతకం చేసేముందు అడిగే హక్కుంది
విశ్వవిద్యాలయ పరిశోధనల్లో ప్రజల అంగీకారం, వివరాల గోప్యతపై నిబంధనలు ఏమంటున్నాయి?

కొత్తగూడెం: విశ్వవిద్యాలయం నుంచి వచ్చామంటూ ప్రశ్నపత్రాలు పట్టుకొని విద్యార్థులు ఇల్లిల్లూ తిరగడం పల్లెలకు కొత్త కాదు. కుటుంబ ఆదాయం ఎంత, అప్పు ఎక్కడ తెచ్చారు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉంది, ఏ కులం అని అడుగుతారు. ఒక్కోసారి రక్త నమూనాలూ తీసుకుంటారు. చివర్లో సంతకమో, వేలిముద్రో పెట్టించుకొని వెళతారు. ఆ వివరాలు ఎవరి చేతికి చేరుతాయి, ఎంతకాలం భద్రపరుస్తారు, చెప్పనంటే ఏమవుతుంది అని తిరిగి అడిగేవారు మాత్రం అరుదు. అలా అడగడం ఎంత అవసరమో ఉమ్మడి ఖమ్మం జిల్లా అనుభవమే చెబుతుంది.

ఖమ్మం నేర్పిన పాఠం

2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాపై ఒక ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. అమెరికాకు చెందిన ‘పాత్’ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్లలోపు బాలికలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన కుటుంబాలవారు, వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్నవారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే తరహా కార్యక్రమం నడిచింది.

కొందరు బాలికల మరణాలతో ఆందోళన రేగడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీనిని నిలిపివేయించింది. రెండు రాష్ట్రాల్లో నమోదైన ఏడు మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చునని కేంద్రం నియమించిన విచారణ సంఘం తేల్చింది. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ సిఫార్సు చేస్తోంది. కాబట్టి తప్పు టీకాది కాదు, దానిని వేసిన తీరుది. 2013 ఆగస్టులో ఆరోగ్య శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ తీరునే ఎండగట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉండగా, 2,763 పత్రాలపై వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేసినట్లు ఆ నివేదిక పేర్కొంది. అంటే పిల్లల శరీరానికి సంబంధించిన నిర్ణయం వేల సంఖ్యలో తల్లిదండ్రుల చేతి మీదుగా జరగనే లేదు.

అది విశ్వవిద్యాలయం చేపట్టిన పరిశోధన కాదు. అయితే కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన అంగీకారం ఉన్నట్లు కాదన్న పాఠం అన్ని పరిశోధనలకూ వర్తిస్తుంది.

ఎథిక్స్ కమిటీ ఏం చేస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ వైద్యులు ఖైదీలపై సాగించిన ప్రయోగాల దరిమిలా, 1947లో ‘న్యూరెంబర్గ్ నియమావళి’ రూపొందింది. మనిషి ఇష్టపూర్వక అంగీకారం లేనిదే అతనిపై ప్రయోగం చేయరాదన్నది అందులో మొదటి సూత్రం. 1964లో ప్రపంచ వైద్య సంఘం చేసిన హెల్సింకీ ప్రకటన ఈ సూత్రాలను విస్తరించింది. మన దేశంలో ఐసీఎంఆర్ 1980లో తొలి విధాన ప్రకటన చేసింది. ప్రస్తుతం 2017లో సవరించిన మార్గదర్శకాలు ఆధారంగా ఉన్నాయి. ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా శాస్త్రాల పరిశోధనలు కూడా వీటి పరిధిలోకి వస్తాయి.

వీటి ప్రకారం పరిశోధన మొదలుపెట్టకముందే దాని ప్రణాళికను ఎథిక్స్ కమిటీ పరిశీలించి ఆమోదించాలి. కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులు ఉండాలి. కనీసం సగంమంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి. వైద్యులు, శాస్త్రవేత్తలతో పాటు న్యాయ నిపుణులు, సామాజిక శాస్త్రవేత్తలు, శాస్త్ర పరిజ్ఞానంతో పనిలేని సామాన్య పౌరుడు కూడా అందులో ఉంటారు. అంగీకార పత్రం చదివి ‘ఇది మాలాంటి వారికి అర్థం కాదు’ అని చెప్పగలిగేది ఆ సామాన్య సభ్యుడే. కొత్త మందుల ప్రయోగాలకైతే 2019 నాటి నిబంధనల ప్రకారం కమిటీ నమోదు తప్పనిసరి.

అంగీకారం ఎలా ఉండాలి?

పరిశోధన ఎందుకు చేస్తున్నారు, ఎంత సమయం పడుతుంది, ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా, లాభం ఎవరికి అనే విషయాలను పాల్గొనేవారికి తెలిసిన భాషలో వివరించాలి. గోండి, కోయ భాషలు మాట్లాడే గూడేల్లో తెలుగు పత్రం చదివి వినిపించినంత మాత్రాన బాధ్యత తీరినట్లు కాదు. చదవడం రానివారి విషయంలో పరిశోధకులతో సంబంధం లేని సాక్షి సమక్షంలో వివరించి, ఆ సాక్షి సంతకం కూడా తీసుకోవాలి. పత్రం నకలు పాల్గొన్నవారికి ఇవ్వాలి.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం అవసరం. ఏడేళ్లు దాటిన పిల్లల నుంచి నోటిమాటగా, 12 ఏళ్లు దాటినవారి నుంచి రాతపూర్వకంగా వారి సమ్మతి కూడా తీసుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊరి పెద్ద, సర్పంచి, ప్రధానోపాధ్యాయుడు అనుమతి ఇచ్చినా అది ఎవరికి వారు ఇవ్వవలసిన అంగీకారానికి బదులు కాజాలదు. మధ్యలో ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉంటుంది. తప్పుకున్నందుకు ఆసుపత్రిలో వైద్యం గానీ, ప్రభుత్వ పథకం గానీ ఆగిపోరాదు.

పేరు తీసేస్తే సరిపోదు

‘మీ పేరు ఎక్కడా రాయం’ అని పరిశోధకులు హామీ ఇవ్వడం మామూలే. పేరు లేకపోయినా మనిషిని గుర్తుపట్టవచ్చు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్ వంటి తపాలా సంఖ్య, ఆడా మగా అన్న వివరం ఈ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తించే వీలుందని 2000 సంవత్సరంలో కంప్యూటర్ శాస్త్రవేత్త లటాన్యా స్వీనీ చూపారు. మన పల్లెల్లో అంత లెక్క కూడా అక్కర్లేదు. ‘ఫలానా ఊళ్లో అంగన్‌వాడీ ఆయా, 40 ఏళ్లు, భర్త లేరు’ అని నివేదికలో రాస్తే ఆమె ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆమె చెప్పిన జబ్బు, అప్పు, ఇంటి గొడవ కూడా దానితో పాటే బయటపడుతుంది.

ఒక పనికని ఇచ్చిన వివరాలు మరో పనికి మళ్లడం ఇంకో ప్రమాదం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఒక పరిశోధకుడు 2014లో తన సొంత కంపెనీ ద్వారా ఫేస్‌బుక్‌లో మనస్తత్వ పరీక్ష పేరిట ఒక యాప్ నడిపారు. దానిని వాడినవారు సుమారు 2 లక్షల 70 వేల మంది. వారి స్నేహితుల వివరాలు కూడా కలిపి 8.7 కోట్ల మంది సమాచారం ‘కేంబ్రిడ్జ్ అనలిటికా’ అనే రాజకీయ ప్రచార సంస్థకు చేరి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ వెల్లడించింది. భారత్‌లో ఆ యాప్ తెరిచినవారు 335 మందే. ప్రభావితమై ఉండవచ్చని తేల్చినవారు 5,62,455 మంది. తమను ఎవరూ ఏ ప్రశ్నా అడగకుండానే వారి వివరాలు చేతులు మారాయి.

కొత్త చట్టం ఏమంటోంది?

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆమోదం పొందింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. సమాచార భద్రతలో విఫలమైన సంస్థలకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే వీలుంది.

అయితే పరిశోధనకు ఈ చట్టంలో మినహాయింపు ఉంది. సేకరించిన వివరాల ఆధారంగా ఆ వ్యక్తి విషయంలో ప్రత్యేకంగా ఎలాంటి నిర్ణయం తీసుకోకూడదు. అవసరమైన మేరకే వివరాలు తీసుకోవడం, అవసరం తీరేవరకే ఉంచుకోవడం, తగిన భద్రత కల్పించడం వంటి ప్రమాణాలు పాటించాలి. ఈ షరతులకు లోబడితేనే మినహాయింపు వర్తిస్తుంది. పైగా ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికే పరిమితం. కాగితంపై రాసుకున్న వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించిన తర్వాతే దాని పరిధిలోకి వస్తాయి. అంటే గడప దగ్గర అంగీకారం సక్రమంగా తీసుకున్నారా లేదా అని చూడవలసిన భారం చాలావరకు ఎథిక్స్ కమిటీపైనే ఉంటుంది.

ఇక్కడే లోటు కనిపిస్తోంది. వైద్య పరిశోధనలకు ఉన్నంత గట్టి కట్టుబాట్లు ఆర్థిక, సామాజిక, విద్యా రంగాల సర్వేలకు లేవు. 2018లో యూజీసీ తెచ్చిన విద్యా నిజాయతీ నిబంధనలు ప్రధానంగా సిద్ధాంత వ్యాసాల్లో ఇతరుల రాతలను కాపీ కొట్టడాన్ని అరికట్టేందుకు ఉద్దేశించినవి. ఎవరి జీవితాల నుంచి ఆ వ్యాసం పుట్టిందో వారి రక్షణ గురించి అవి చెప్పవు. డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల కోసం పిల్లలు ఊళ్లు తిరిగేటప్పుడు అంగీకార పత్రం ఉండాలా వద్దా అన్నది చాలాసార్లు మార్గదర్శకుడైన అధ్యాపకుడి విచక్షణకే మిగులుతోంది.

ఇవి అడగండి

ఇంటికి వచ్చిన పరిశోధకులను ఈ ప్రశ్నలు అడగవచ్చు.

* ఏ విశ్వవిద్యాలయం, ఏ విభాగం? గుర్తింపు కార్డు ఉందా?
* ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా? ఉంటే దాని సంఖ్య, తేదీ ఏమిటి?
* ఈ వివరాలు ఎందుకు? ఆధార్ సంఖ్య, ఫోన్ నంబరు నిజంగా అవసరమా?
* ఎవరెవరు చూస్తారు? ఎప్పుడు తొలగిస్తారు?
* ఏదైనా ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవచ్చా? తర్వాత వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి?
* పత్రం నకలు ఇస్తారా? ఫలితాలు ఊరికి తెలియజేస్తారా?

సర్వేలకు వచ్చినవారిని వెనక్కి పంపాలని దీని అర్థం కాదు. పౌష్టికాహార లోపం, మలేరియా, రైతుల అప్పులపై పరిశోధనలు జరిగితేనే ప్రభుత్వాలకు వాస్తవాలు తెలుస్తాయి. ప్రజలు నమ్మకంతో చెప్పిన జవాబులే ఆ పరిశోధనలకు ఆధారం. నిబంధనలు పాటించి వచ్చినవారు పై ప్రశ్నలకు నిలబడి జవాబు చెబుతారు. జవాబు దాటవేసేవారికి సంతకం పెట్టనవసరం లేదు.