దారి తెలిసిన డబ్బాకి గేటు తెలియదు

కారు అద్దానికి అతికించే నావిగేటర్ కొన్నాను. 'ఫోనుండగా ఇదెందుకురా?' అంది అమ్మ. 'శ్రీశైలం వెళ్తూ చూపిస్తాగా' అన్నాను.

ఆఫీసు పని తెమిలి హైదరాబాద్‌లో బయల్దేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఉపగ్రహాల్ని పట్టుకోవడానికి డబ్బా కాసేపు తీసుకుంది. తర్వాత ప్రతి మలుపూ ముందే చెప్పింది. కల్వకుర్తిలో టీకి ఆగితే, 'దారి సంగతి ఎవర్నైనా అడగరా' అంది అమ్మ. పదకొండుకల్లా చేరతామని తెర మీద కనిపిస్తుంటే ఇంకా అడిగేదేముంది? నవ్వేశాను.

మన్ననూరు చేరేసరికి అటవీశాఖ గేటు వేసేశారు. పులుల అడవి కదా, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. డబ్బా మాత్రం 'నేరుగా వెళ్లండి' అంటూనే ఉంది! ఆ రాత్రంతా అమ్మ కార్లోనే కూర్చుంది. తెల్లారేసరికి ఆమె కాళ్లు వాచిపోయాయి. ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

పొద్దున నల్లమలలో ఫోన్ సిగ్నల్ పోయింది. నావిగేటర్‌లో బాణం మాత్రం ఆగలేదు. మ్యాపులు దాని లోపలే ఉంటాయి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తునున్న జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం 4 అందితే చాలు, మనమెక్కడున్నామో లెక్కకట్టేస్తుంది.

కొనొచ్చా అంటే, అడవులు, ఘాట్లు తిరిగేవాళ్లు కొనొచ్చు. మ్యాపులు అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి. టీకొట్టు దగ్గర మాత్రం ఓ మాట అడగండి. నేనిప్పుడు అడుగుతున్నాను.