పొలంలో అతినీలలోహిత కిరణాల కొలత: ఉష్ణదీప్తి పొరల ఉపయోగం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు 17.5, 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. మొదటిది మే రెండవ వారం. అప్పుడు ఎండ తీవ్రతకు భయపడి అందరూ నీడ చూసుకుంటారు. రెండవది జూలై, ఆగస్టు నెలల సంధికాలం. అది వరినాట్లు, పత్తిలో కలుపుతీత సాగే సమయం. మబ్బు పట్టి చల్లగా ఉండటంతో కూలీలు రోజంతా పొలంలోనే ఉంటారు. అయితే పలుచని మేఘాల గుండా అతినీలలోహిత కిరణాలు 80 శాతం వరకు రాగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చర్మానికి, కంటికి హాని చేసే ఈ కిరణాలను ఉష్ణమాపకం పసిగట్టలేదు.

కొలిచే సూత్రం

కొన్ని స్ఫటిక పదార్థాలపై వికిరణం పడినప్పుడు విడుదలైన ఎలక్ట్రాన్లు స్ఫటిక లోపాలలో చిక్కుకుంటాయి. తరువాత వేడి చేస్తే అవి బయటపడి, నిలువ ఉన్న శక్తి కాంతిగా వెలువడుతుంది. ఇదే ఉష్ణదీప్తి. ఆ కాంతి పరిమాణాన్ని బట్టి అందిన మోతాదును లెక్కిస్తారు. వికిరణంతో పనిచేసే సిబ్బంది ధరించే బ్యాడ్జీలలో మనదేశంలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్‌ను ఈ సూత్రంపైనే వాడుతున్నారు.

పలుచని పొర ఎందుకు?

గామా కిరణాలు బిళ్ల లోతుల్లోకి చొచ్చుకుపోతాయి. అతినీలలోహిత కిరణాలను మాత్రం చాలా పదార్థాలు పైపొరలోనే శోషించుకుంటాయి. అందువల్ల మందపాటి బిళ్లలో అడుగుభాగం వృథా. జిర్కోనియం ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ వంటి పదార్థాల పలుచని పొరలపై పరిశోధనలు జరగడానికి ఇదొక కారణం. విద్యుత్తు అవసరం లేని చిన్న పొరను కూలీ టోపీకో భుజానికో అమర్చవచ్చు. వాతావరణ కేంద్రంలోని పరికరం ఆ స్థలపు వికిరణాన్ని చెబితే, ఈ పొర వంగి నాటు వేసే మనిషికి అందిన మోతాదును చెబుతుంది.

పరీక్షించవలసినవి

ఎలక్ట్రాన్లు చిక్కుకున్న స్థానాలు లోతు తక్కువవైతే వేసవి వేడికే సంకేతం కొంత కరిగిపోతుంది. పగటి వెలుతురు కూడా దానిని చెరపగలదు. పైగా ఒక్కో తరంగదైర్ఘ్యానికి చర్మం స్పందించే తీరు వేరు, పొర స్పందించే తీరు వేరు. కనుక ప్రామాణిక అతినీలలోహిత మాపకం పక్కన ఉంచి, స్థానిక వేసవిలోనూ వానాకాలంలోనూ క్రమాంకనం చేయాలి. వేడి చేసి చదివితే నిలువ సంకేతం చెరిగిపోతుంది కాబట్టి ప్రతి కొలతనూ వెంటనే నమోదు చేయాలి.

ఈ పరీక్షలలో నెగ్గిన పొర ఉంటే నాట్ల వేళలు, పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ, విరామ సమయాల గురించి విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సలహాకు కొలత ఆధారమవుతుంది.