ఎండాకాలంలో టైర్ల గాలి తగ్గించాలా? అపోహలు – వాస్తవాలు

ఎండలు ముదిరే మార్చి నెలాఖరు నుంచి తొలకరి పడేదాకా తెలుగు ప్రాంతాల కారు యజమానుల మధ్య ఒక సలహా నోటి మాటగానూ వాట్సాప్ సందేశంగానూ తిరుగుతూ ఉంటుంది. ఎండ వేడికి టైరులోని గాలి వ్యాకోచించి టైరు పేలిపోతుంది కనుక, వేసవి గడిచేదాకా కంపెనీ సూచించిన దానికంటే నాలుగైదు పాయింట్లు తక్కువ గాలి ఉంచుకోవాలన్నది ఆ సలహా సారాంశం. కారు బాగోగులు ఇంటి దగ్గర స్వయంగా చూసుకునే శ్రద్ధాపరులు సైతం దీన్ని నమ్మి పాటించడం, పైగా పదిమందికీ చెప్పడం విచారకరం. పెళ్లిళ్లూ పిల్లల సెలవులూ కలిసివచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఐదుగురు మనుషులతో, నిండిన డిక్కీతో, జాతీయ రహదారి మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు గాలి తగ్గించడమంటే, ఏ ప్రమాదాన్ని తప్పించుకోవాలనుకుంటున్నారో ఆ ప్రమాదానికే ఎదురు వెళ్లడం.

ప్రధాన అపోహ: ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుంది

ఈ నమ్మకంలో మొదటి సగం నిజమే. మూసి ఉన్న పాత్రలోని వాయువు వేడెక్కితే దాని పీడనం పెరుగుతుంది. అయితే ఎంత పెరుగుతుందన్న లెక్క ఎవరూ వేయకపోవడం వల్లనే మిగిలిన సగం అపోహగా మారింది. పెట్రోలు బంకుల్లో పాయింటు అని వ్యవహరించే కొలత పీఎస్ఐ, అంటే చదరపు అంగుళం వైశాల్యం మీద ఒక పౌండు బరువు కలిగించే ఒత్తిడి. తెల్లవారుజామున 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 33 పాయింట్ల గాలి ఉన్న టైరు, రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం 45 డిగ్రీల వేడిలో నిలిచి ఉన్నప్పుడు చూపించే కొలత 36 పాయింట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇరవై డిగ్రీల తేడాకు పెరిగేది మూడు పాయింట్లు మాత్రమే. ప్రయాణంలో టైరు మరింత వేడెక్కి ఇంకో నాలుగైదు పాయింట్లు పెరిగినా అది 40 దగ్గర ఆగుతుంది. సాధారణ కారు టైరు పక్కన అచ్చువేసే గరిష్ఠ పీడనం 44 గానీ 51 గానీ ఉంటుంది, అది కూడా టైరు చల్లగా ఉన్నప్పుడు నింపదగిన హద్దే తప్ప పగిలిపోయే హద్దు కాదు. పైగా కంపెనీ నిర్ణయించే అంకె చల్లని టైరుకు సంబంధించినది, పరుగులో పెరిగే పీడనాన్ని ముందే లెక్కలోకి తీసుకుని నిర్ణయించినది. ఒకసారి లెక్కలో చేరిన వేడికి మళ్లీ గాలి తగ్గించడానికి కారణమేదీ లేదు.

వేసవిలో టైర్లు ఎక్కువగా పేలుతున్న మాట వాస్తవమే కదా అన్న ప్రశ్నకు సమాధానం టైరు లోపలి గాలిలో లేదు, టైరు గోడలో ఉంది. కారు బరువుకు టైరు అడుగు భాగం కొద్దిగా నొక్కుకుని, అక్కడి సైడ్‌వాల్, అంటే రబ్బరూ దారాల అల్లికా కలిసిన పక్క గోడ, బయటికి వంగుతుంది, చక్రం తిరిగి ఆ భాగం పైకి వెళ్లగానే తిన్నబడుతుంది. చిన్న కార్లలో, సెడాన్లలో విరివిగా కనిపించే 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త తక్కువ. అంటే 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది, హైదరాబాదు నుంచి విజయవాడ చేరేలోపు పక్క గోడలోని ప్రతి బిందువూ దాదాపు లక్షా నలభై వేల సార్లు వంగి లేస్తుంది. వంగినప్పుడు రబ్బరు స్వీకరించిన శక్తి మొత్తం లేచినప్పుడు తిరిగి రాదు, అందులో కొంత వేడిగా మారి పదార్థంలోనే నిలిచిపోతుంది. హిస్టరిసిస్ అని పేరున్న ఈ ధర్మం వల్లనే, ఇనుప తీగను ఒకేచోట పదేపదే వంచినప్పుడు ఆ మెలిక వేడెక్కినట్లు, టైరు గోడ వేడెక్కుతుంది. గాలి తగ్గిన కొద్దీ వంపు పెరుగుతుంది, వంపు పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది, రబ్బరు వేడిని తొందరగా బయటికి పంపే పదార్థం కాదు కనుక ఆ వేడి గోడ లోపలే పేరుకుంటుంది.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న నానుడి ఉన్న నేల మీద మధ్యాహ్నపు తారురోడ్డు చుట్టూ ఉన్న గాలికంటే ఎంతో వేడిగా ఉండడం వల్ల టైరుకు చల్లబడే అవకాశమూ తగ్గుతుంది. కాబట్టి తక్కువ గాలి ఏ కాలంలోనైనా చెడ్డదే అయినప్పటికీ, అది అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం తెచ్చేది వేసవిలోనే. ఆ వేడి కొనసాగితే ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల పొర, కింద ఉన్న ఉక్కు తీగల పట్టీలను రబ్బరుతో కలిపి ఉంచే అతుకు బలహీనపడుతుంది. పట్టీ అంచు దగ్గర మొదలైన చీలిక వ్యాపించి చివరికి ట్రెడ్ ఊడిపోతుంది, లేదా పక్క గోడ దారాలు తెగి టైరు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆగిన కారు దగ్గరకు వచ్చి చూసినవారికి కాలుతున్న టైరూ, వినిపించిన పేలుడు శబ్దమూ మాత్రమే తెలుస్తాయి కనుక గాలి ఎక్కువై పేలిందని తీర్మానిస్తారు. గాలి తక్కువై గోడ చచ్చుబడిందన్న సంగతి మరుగున పడిపోతుంది, ఆ తీర్మానమే వచ్చే ఏడాది సలహాగా తిరిగి బయలుదేరుతుంది.

ఈ విషయంలో అమెరికా చెల్లించిన మూల్యం జగద్విదితం. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు ఎక్కువగా అమర్చిన ఆ టైర్ల ట్రెడ్ వేగంలో ఊడిపోయి వాహనాలు బోల్తాపడగా, ఆ ప్రమాదాల్లో మరణించినవారి సంఖ్య అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కల ప్రకారం 270 దాటింది. టైర్ల తయారీలోని లోపం, వాహన నిర్మాణం కూడా చర్చకు వచ్చిన ఆ వివాదంలో ఒక ముఖ్యాంశం గాలి పీడనం. ఫోర్డ్ సంస్థ 26 పాయింట్లు సూచించగా, అది చాలదనీ 30 ఉండాలనీ ఫైర్‌స్టోన్ వాదించింది. వైఫల్యాలు అధికంగా నమోదైనవి అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి వేడి రాష్ట్రాల్లో. ఆ అనుభవం నుంచి పుట్టిన చట్టం ఫలితంగా టైరు పీడనాన్ని గమనించి హెచ్చరించే టీపీఎంఎస్ పరికరం అక్కడి కొత్త కార్లలో తప్పనిసరి అయింది. ఆ నిబంధన కోరిన హెచ్చరిక గాలి తగ్గినప్పుడు వెలగవలసిన దీపమే తప్ప, పెరిగినప్పుడు వెలగవలసినది కాదన్న సంగతి ఎండకు గాలి తగ్గించేవారు గమనించాలి.

ఈ అపోహకు అనుబంధంగా మరో చెడు అలవాటు ఉంది. దూరప్రయాణంలో దారి మధ్య ఆగి, గేజిలో 38 కనిపించగానే బెదిరిపోయి 33కు దించుకునేవారు తరచూ కనిపిస్తారు. అదే టైరు మర్నాటి ఉదయం చల్లారాక చూస్తే 28, 29 పాయింట్ల దగ్గర ఉంటుంది. రెండో రోజు ప్రయాణంలో తగ్గిన గాలి వల్ల టైరు మరింత వేడెక్కి మళ్లీ ఎక్కువ కొలత చూపిస్తుంది, యజమాని మళ్లీ దించుతాడు. వేడిగా ఉన్న టైరు నుంచి గాలి తీయకూడదన్న ఒక్క నియమం పాటిస్తే ఈ విషవలయం అక్కడితో తెగిపోతుంది.

గాలి మరీ ఎక్కువైనా నష్టమే. ట్రెడ్ మధ్య భాగం మాత్రమే రోడ్డును తాకి త్వరగా అరుగుతుంది, గుంతల దెబ్బ నేరుగా గోడకు తగులుతుంది, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. సరైన గాలి అంటే కారు మీద రాసి ఉన్న గాలి తప్ప మరొకటి కాదు.

నైట్రోజన్: కొంత నిజం ఉన్న నమ్మకం

నైట్రోజన్ నింపితే ఎండకు పీడనం పెరగదన్న మాటలో నిజం లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి పీడనం పెరగడమన్న సూత్రం రెండింటికీ దాదాపు ఒకే తీరున వర్తిస్తుంది. అయినా ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ఆక్సిజన్ కంటే నైట్రోజన్ రబ్బరులోంచి నిదానంగా బయటికి జారుతుంది, యంత్రంలోంచి వచ్చేటప్పుడు దానిలో తేమ ఉండదు, కనుక టైరు పీడనం కొద్దిగా ఎక్కువ కాలం నిలుస్తుంది. విమానాల టైర్లలో దాన్ని వాడడానికి గట్టి కారణాలు ఉన్నాయి, ఇంటి కారుకు మాత్రం ఈ లాభం స్వల్పం. డబ్బు పెట్టి నైట్రోజన్ నింపించి ఆరు నెలలు గేజి ముట్టనివారి టైరు కంటే, ఉచిత గాలి నింపి నెలకు రెండుసార్లు కొలిచేవారి టైరు భద్రంగా ఉంటుంది.

మరికొన్ని అపోహలు

కంటితో చూసి, కాలితో తన్ని గాలి చెప్పగలమనుకోవడం పొరపాటు, నేటి రేడియల్ టైరు 33 దగ్గరా 26 దగ్గరా దాదాపు ఒకే తీరుగా కనిపిస్తుంది. టీపీఎంఎస్ దీపం వెలగలేదు కనుక గాలి సరిపోయిందనుకోవడమూ అంతే, ఆ దీపం చాలా కార్లలో గాలి నాలుగో వంతు తగ్గాకే వెలుగుతుంది. వేసవిలో ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే పేలుతుందని ఇండియన్ ఆయిల్ పేరుతో తిరిగిన సందేశాన్ని ఆ సంస్థే ఖండించి, తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ పరిమితి వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ప్రకటించింది. ఇంజిన్ ఆయిల్ నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్లు కాదు, మసిని తనలో కలుపుకోవడం దాని పనుల్లో ఒకటి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో గారగా పేరుకుంటాయి, వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పితే ఆవిరితో కూడిన నీరు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. బ్యాటరీలో మట్టం తగ్గినప్పుడు పోయవలసినది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, యాసిడ్ ఎన్నటికీ కాదు. మెరుపు కోసం టైరుకు డీజిలో వాడేసిన ఆయిలో పూస్తే రబ్బరు చెడుతుంది. ఇంట్లో గాలి, ఆయిల్ చూసుకుంటే వారంటీ పోతుందన్న భయం అర్థంలేనిది, యజమాని స్వయంగా చూసుకోవలసిన వాటి జాబితా కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది.

ఇంటి దగ్గర చేయవలసిన పని

టైరు గాలి సంగతి వర్క్‌షాపు కంటే ఇంట్లోనే బాగా తేలుతుంది, ఎందుకంటే టైరు నిజంగా చల్లగా ఉండేది ఇంటి ముందే. బంకు దాకా నడిపేసరికి అది కొంత వేడెక్కి ఎక్కువ కొలత చూపిస్తుంది. కనీసం మూడు గంటలు కదలని కారును, ఎండ తగలకముందు, తెల్లవారుజామున పరీక్షించడం ఉత్తమం. డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు, అంటించిన చీటీలో ముందు, వెనుక టైర్లకు వేర్వేరు అంకెలు ఉంటాయి. కారు నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు పాటించవలసిన పెద్ద అంకె కూడా చాలా చీటీల్లో ఉంటుంది, దూరప్రయాణానికి ముందు ఆ అంకెకు పెంచుకోవాలి.

వాల్వ్ మూత తీసి గేజిని వాల్వ్‌కు తిన్నగా ఆనించి నొక్కితే ఒక్క క్షణం బుస్సుమని శబ్దం వచ్చి ఆగిపోవాలి. శబ్దం ఆగకుండా వస్తుంటే గేజి పక్కకు వాలిందనీ, చూపిస్తున్న అంకె నమ్మదగినది కాదనీ అర్థం. అనుమానం తీరేదాకా రెండు మూడుసార్లు కొలవాలి. కాలి పంపుతోనో, కారు సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్‌తోనో లోటు పూరించి, వాల్వ్ మీద ఒక చుక్క సబ్బు నీరు వేస్తే లీకు ఉన్నచోట బుడగ లేస్తుంది. పంపు లేనివారు ఇంటి దగ్గర ఎంత లోటు ఉందో రాసుకుని, బంకులో గేజి చూపించే అంకెకు ఆ లోటు కలిపి గాలి కొట్టించుకోవాలి. డిక్కీలోని స్టెప్నీ, అంటే అదనపు చక్రం, దీనికి మినహాయింపు కాదు. అది మిగిలిన చక్రాల కంటే చిన్నదైతే దాని పీడనమూ వేగ పరిమితీ వేరుగా ఉంటాయి కనుక, దాని మీది చీటీ చదవాలి.

గేజి చేతిలో ఉన్నప్పుడే టైరునూ చూడాలి. రెండు అంచులూ అరిగి మధ్య భాగం నిలిచి ఉంటే ఆ టైరు చాలాకాలం తక్కువ గాలితో తిరిగిందని అర్థం, ఒక అంచు మాత్రమే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చక తప్పదు. పక్క గోడ మీది నాలుగంకెల సంఖ్య తయారైన కాలాన్ని చెబుతుంది, 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గోడ మీద ఉబ్బు కనిపించినా, గోడకే పంక్చర్ అయినా, గాలి లేకుండా కొంత దూరం నడిచినా ఇంటి వైద్యం పనికిరాదు, టైరు విప్పించి లోపలి భాగం నిపుణుడికి చూపించాలి. చక్రం మార్చవలసి వస్తే సమతలమైన చోట, హ్యాండ్ బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి పని చేయాలి. జాకీ మీద నిలిచిన కారు కిందికి ఏ పరిస్థితిలోనూ దూరకూడదు.

టైరు గేజి చవకైన పరికరం, దాంతో నాలుగు చక్రాలూ స్టెప్నీ కొలవడానికి పది నిమిషాలు చాలు. పదిహేను రోజులకు ఒకసారి, ప్రతి దూరప్రయాణానికి ముందూ ఆ పది నిమిషాలు కేటాయించేవారికి ఎండాకాలానికి ఒక అంకె, వానాకాలానికి ఒక అంకె అవసరం లేదు. గాలి తగ్గించమని ఈ వేసవిలో ఎవరు చెప్పినా, తలుపు తెరిచి అక్కడి చీటీ చూపించి, ఆ అంకె ప్రకారమే గాలి నింపమని వారికీ చెప్పడం ప్రతి కారు యజమాని బాధ్యత.