దానిమ్మ తింటే రక్తం పడుతుందా?

సాయంత్రం బంధువులు రోగులను చూడవచ్చే వేళ మా స్త్రీల వార్డుకు వస్తే, దాదాపు ప్రతి మంచం పక్కనా దానిమ్మ పండ్లు కనిపిస్తాయి. కాన్పయినా, ఆపరేషన్ అయినా, జ్వరం తగ్గి నీరసంగా ఉన్నా అదే పండు. "సిస్టరమ్మా, రక్తం లేదన్నారుగా, అందుకే తెచ్చాం" అంటారు. ప్రేమతో తెచ్చిన పండును మేము కాదనము. అయితే ఆ పండు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో మంచాల దగ్గర రోజూ చెప్పే మాటలనే ఇక్కడ వ్రాస్తున్నాము.

ఒక ఏడు మిర్చి కోతల రోజుల్లో ఏడో నెల గర్భిణి ఒకామె ఆయాసంతో మా దగ్గర చేరింది. నాలుక తెల్లగా పాలిపోయింది, పాదాలు వాచాయి. హిమోగ్లోబిన్ 6.8 గ్రాములు మాత్రమే. వెంట వచ్చిన అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "రెండు నెలల నుంచి రోజూ ఒక కాయ ఒలిచి పెడుతున్నానమ్మా, కూలి డబ్బులు దానికే పోతున్నాయి" అన్నారు. మరి గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలు ఏమయ్యాయని అడిగితే సంచి విప్పి చూపించారు. అట్టలు అట్టలుగా అలాగే ఉన్నాయి. అవి వేడి చేస్తాయనీ, వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ ఎవరో చెప్పారట.

ఆ రోజు మేము ఆవిడ పక్కన కూర్చుని చిన్న లెక్క చెప్పాము. 100 గ్రాముల దానిమ్మ గింజల్లో ఉండే ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములు. ఒక మోస్తరు కాయ ఒలిస్తే వచ్చేది సుమారు అర మిల్లీగ్రాము. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ప్రభుత్వం ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఒక మాత్రకు సాటి రావాలంటే 100 కాయలకు పైనే తినాలి! ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి అంత ఎర్రగా ఉంటుంది కదమ్మా" అన్నారు.

అసలు చిక్కంతా ఆ ఎరుపుతోనే. దానిమ్మ గింజకు ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. మన రక్తానికి ఎరుపు ఇనుముతో కూడిన హిమోగ్లోబిన్ వల్ల వస్తుంది. రెండింటికీ చుట్టరికం లేదు. బీట్‌రూట్ సంగతీ ఇంతే. సంఘంలోని ఒక పెద్దాయన, "అహరోను నిలువుటంగీ అంచున కూడా దానిమ్మపండ్లు ఉన్నాయి కదా" అని మాతో వాదించారు. ఉన్నాయి. అక్కడ చెప్పింది వస్త్రపు అందం గురించి, ఇనుము గురించి కాదు.

ఇది చిన్న విషయం కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పత్తి తీసేవారు, మిరప కోసేవారు ఎండలో కళ్ళు తిరిగితే ఎండ వల్లే అనుకుంటారు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమైనా ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 7కు తగ్గితే ఇంట్లో ఉంచుకోవలసిన పరిస్థితి కాదు.

మాత్ర ఎలా వేసుకోవాలి? వికారంగా ఉంటే రాత్రి భోజనం చేశాక పడుకోబోయే ముందు వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర దానితో కలపవద్దు, కొన్ని గంటలు ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. ఇక తిండిలో మునగాకు, తోటకూర, మన గోంగూర, రాగులు, సజ్జలు, శనగలు వాడుకోవాలి. తినేవారైతే మాంసం, కాలేయం, చేపలు మరీ మంచివి, వాటిలోని ఇనుము ఒంటికి తేలికగా పడుతుంది. ఆకుకూర అన్నం మీద నిమ్మకాయ పిండుకోండి, లేదా తిన్నాక ఒక జామకాయ తినండి. 100 గ్రాముల జామలో సి విటమిన్ దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది, దానిమ్మలో 10 మాత్రమే. ధర మీకే తెలుసు.

ఇంత చెప్పాక దానిమ్మను మరీ చిన్నబుచ్చినట్లుంది. అది మంచి పండే. 100 గ్రాముల్లో 4 గ్రాముల పీచు ఉంటుంది, మలబద్ధకం ఉన్నవారికి మేలు. ఫోలిక్ ఆమ్లం కొంత ఉంటుంది. నోరు చేదుగా ఉన్న రోగికి నాలుగు గింజలు పెడితే హాయిగా ఉంటుంది. రసం రక్తపోటును కొద్దిగా తగ్గిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది, అంతమాత్రాన బి.పి. మాత్ర మానవద్దు. షుగరు ఉన్నవారు రసం తాగకుండా కొద్దిగా గింజలే నమిలి తినాలి. గింజ ఉమ్మివేయనక్కరలేదు, పీచంతా అందులోనే ఉంది. కొనేటప్పుడు చేతికి బరువుగా, పక్కలు కాస్త చదునుగా ఉన్న కాయ ఏరుకోండి. కోసే ముందు కాయ కడగండి, లేకపోతే తొక్క మీది మురికి కత్తితో పాటు లోపలికి పోతుంది.

పిల్లలకు విరేచనాలైతే తొక్క కషాయం పట్టించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, ఓ.ఆర్.ఎస్. పట్టించి తీసుకురండి. వేరు బెరడు కషాయమైతే అసలు వద్దు, అందులో విషపదార్థాలు ఉంటాయి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి దానిమ్మలోని పొటాషియం గుండెకు ప్రమాదం తేవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు కూడా ముందుగా డాక్టరుగారికి చెప్పాలి. అందుకే ఆ వార్డులకు పండ్లు తెచ్చేవారు మంచం దగ్గరకు వెళ్ళే ముందు బల్ల దగ్గరున్న సిస్టర్‌ను అడగండి.

ఆ ఏడో నెల గర్భిణికి డాక్టరుగారు రక్తం ఎక్కించారు, మాత్రలు మొదలుపెట్టించారు. కాన్పుకు వచ్చేసరికి 10.2 ఉంది. ఆడపిల్ల, 2 కిలోల 700 గ్రాములు. అత్తగారు ఈసారి సంచిలో జామకాయలు తెచ్చారు, అడుగున రెండు దానిమ్మలు కూడా ఉన్నాయి. "ఇవి రక్తానికి కాదులెండి, రుచికి" అన్నారు.