మీకు తెలుసా? పాత కారుకు ఇనుము దొరుకుతుంది, ప్లాస్టిక్కే దొరకదు!

నిజాం గారి రోల్స్ రాయిస్ కన్నా మీ మేనమామ మారుతీ 800ను బాగుచేయడమే ఒక్కోసారి కష్టమని తెలుసా?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. అలాంటి బండిలో ఉన్నదంతా దాదాపు ఉక్కు, ఇత్తడి, చెక్క, తోలు. డబ్బూ ఓపికా ఉంటే ఏ ముక్కనైనా పని తెలిసినవాడు చేత్తో చేసి పెడతాడు. మారుతీ సంగతి వేరు. గ్లాసు దింపే హ్యాండిల్ నాబ్ విరిగితే అది సుత్తి దెబ్బలకు వచ్చేది కాదు. కరిగిన ప్లాస్టిక్‌ను ఉక్కు డైలోకి విపరీతమైన ఒత్తిడితో ఎక్కిస్తే పుట్టిన వస్తువది. ఆ డై చెక్కించడానికి లక్షలవుతుంది. వేల నాబ్‌లు తీసే కంపెనీకి అది గిట్టుబాటే. మనకు కావలసింది నాలుగే అయితే ఒక్కో నాబ్ ధరకు ఇంకో పాత కారే వస్తుంది.

మంగళగిరి వాళ్లకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. వారధి మీదుగా కృష్ణ దాటితే విజయవాడ ఆటోనగర్. లారీ బాడీ కట్టడం నుంచి రేడియేటర్ అతుకు దాకా అక్కడ జరగని పని లేదు. మంగళగిరికీ సొంత ఆటోనగర్ ఉంది, అందులోనే ఐటీ పార్కు కూడా వచ్చింది. గన్నవరం దగ్గర సూరంపల్లిలో ప్లాస్టిక్ విద్యకే పెట్టిన సీపెట్ ఉంది. 1968లో మద్రాసులో మొదలైన సంస్థ శాఖ అది. లేత్, కంప్యూటర్, ప్లాస్టిక్ చదువు మూడూ గంట ప్రయాణంలో ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకచోట కూర్చోబెట్టే పిచ్చివాడే కావాలి. పాత కార్ల లోకంలో అలాంటివాళ్లకు కొదవ లేదు.

గుండ్రటి ముక్క అయితే అచ్చే అక్కర్లేదని తెలుసా? బుష్, వాషర్, రోలర్ లాంటివి అరిగిపోతే నైలాన్ రాడ్ తెచ్చి లేత్ మీద తిప్పించుకోవచ్చు. పాత ముక్క చేతికిస్తే చాలు, కొలత లేత్ పనివాడే తీసుకుంటాడు. చిక్కంతా ఒంపులు, పళ్లు, జాలీలు ఉన్న ముక్కలతోనే.

పళ్లంటే గుర్తొచ్చింది. స్పీడు ముల్లు కదులుతూనే ఉండి కిలోమీటర్ల అంకెలు మాత్రం తిరగడం మానేస్తే, చాలాసార్లు లోపలున్న చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం విరిగినట్టే. బండి అమ్మేవాడు ఆ రిపేరుకు తొందరపడడు, ఎందుకో చెప్పక్కర్లేదు.

మీ చేతిలో ఉన్నది ఏ ప్లాస్టిక్కో బకెట్ నీళ్లు చెబుతాయి. పాలీప్రొపిలీన్ ముక్క తేలుతుంది. ఏబీఎస్, నైలాన్, టెయిల్ లైటు గ్లాసుకు వాడే అక్రిలిక్ మునుగుతాయి. తేడా ఎందుకు తెలియాలంటే, ఏబీఎస్ అసిటోన్‌లో కరుగుతుంది. పనికిరాని ఏబీఎస్ తుక్కును అందులో నానబెట్టి ముద్ద చేసి పగులులో కూరితే అతుకు అదే ప్లాస్టిక్‌తో పడుతుంది. పాలీప్రొపిలీన్‌కు ఆ ముద్ద అంటదు, వేడి గాలితో వెల్డింగ్ చేయాల్సిందే. ఈమధ్య కాలపు బళ్లలోనైతే ముక్కను వెనక్కి తిప్పి చూడండి, బాణం గుర్తుల మధ్య పీపీ (పాలీప్రొపిలీన్) అనో ఏబీఎస్ అనో అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి.

పత్తితో కారు చేశారని తెలుసా? మాటవరసకు అనడం లేదు. తూర్పు జర్మనీలో ఉక్కు కొరత ఉండేది. అందుకని 1957 నుంచి 1991 దాకా తయారైన ట్రాబంట్ కారు పైతొడుగులను సోవియట్ నుంచి వచ్చిన పత్తి వ్యర్థాలకు ఫినాల్ రెసిన్ పట్టించి, వేడి ప్రెస్సులో నొక్కి చేశారు. 30 లక్షల పైచిలుకు కార్లు అలాగే రోడ్డెక్కాయి. ఆ తొడుగులు తుప్పు పట్టవు. కాకపోతే వదిలించుకోవడమూ తేలిక కాదు. ఆ సరుకు మళ్లీ కరగదు, కాలిస్తే విషపు పొగ.

గుంటూరు, ప్రకాశం జిల్లాల జిన్నింగు మిల్లుల్లో దూది వేరుచేశాక గింజను అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది కదా, లింటర్ అంటారు. దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్ అది. తొలినాటి ప్లాస్టిక్‌లకు ముడిసరుకు ఇలాంటి సెల్యులోజే. 1930ల నుంచి అమెరికా కార్ల స్టీరింగులకు వాడిన సెల్యులోజ్ అసిటేట్ బ్యుటిరేట్ కూడా ఆ వంశానిదే. అలాంటి స్టీరింగు ఎండకు పగుళ్లిచ్చినప్పుడు వాసన చూడండి. ముక్కిపోయిన నెయ్యి కంపు కొడుతుంది. నెయ్యి చెడినప్పుడు వాసనకు కారణమయ్యే బ్యుటిరిక్ ఆమ్లమే ఇక్కడా బయటపడుతుంది.

ఇక అసలు పని, నకలు తీయడం. పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు, సిలికాన్ రబ్బరు అచ్చుతో వరండాలోనే తీయొచ్చు. నమూనా ముక్కను కడిగి, పగుళ్లు పూడ్చి, సగం దాకా బంకమట్టిలో కూర్చోబెడతారు. చుట్టూ పెట్టె కడతారు. మట్టి మీద అక్కడక్కడా వేలితో గుంటలు నొక్కుతారు, రేపు అచ్చు రెండు ముక్కలూ సరిగ్గా ఒకదాంట్లో ఒకటి కూర్చోడానికి అవే ఆనవాలు. సిలికాన్‌ను ఎత్తు నుంచి సన్నటి ధారగా, ఒకే మూలలో పోయాలి. అప్పుడే బుడగలు దారిలో పగిలిపోతాయి. మర్నాడు తిరగేసి, మట్టి తీసేసి, రెండో సగం పోస్తారు. పోసేముందు మొదటి సగానికి వాజలీన్ రాయడం మరిచిపోతే సిలికాన్ సిలికాన్‌తో కలిసిపోయి ముక్క లోపలే సమాధి. నకలు పోయడానికి రెండు భాగాల పాలీయూరిథేన్ రెసిన్ వాడతారు. కలిపాక కొన్ని రకాలు నాలుగైదు నిమిషాలే ఆగుతాయి. కంగారు మనుషులకు నప్పే పని కాదు.

ఇందులో రెండు గండాలున్నాయి. పిల్లలు బొమ్మలు చేసే రంగు మట్టి కొన్ని రకాల్లో గంధకం ఉంటుంది. గంధకం తగిలితే ప్లాటినంతో గట్టిపడే రకం సిలికాన్ గట్టిపడదు, తాకిన చోటల్లా జిగురుగా ఉండిపోతుంది. రబ్బరు గ్లవ్స్‌తోనూ ఇదే గొడవ. రెండోది తేమ. పాలీయూరిథేన్ రెసిన్లో ఒక భాగమైన ఐసోసయనేట్ నీటితో కలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. అందుకే శ్రావణం ముసురులో, మూత సరిగా పెట్టని డబ్బాతో పోసిన నాబ్ లోపలంతా బుడగలే, కోస్తే సోడా గ్లాసు చూసినట్టుంటుంది. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లు పోత పనులు ఎండాకాలానికి వాయిదా వేసుకోవడం మేలు.

నకలు ఎప్పుడూ అసలు కన్నా పొట్టిదే. అచ్చులో చల్లారేటప్పుడు ఏబీఎస్ దాదాపు అర శాతం ముడుచుకుంటుంది, పాలీప్రొపిలీన్ ఇంకా ఎక్కువ. డై చెక్కేవాళ్లు ఈ లెక్క ముందే కలుపుతారు. మనం మాత్రం ముడుచుకోవడం అయిపోయిన ముక్కకు నకలు తీస్తాం, పోత రెసిన్ మళ్లీ కొంత ముడుచుకుంటుంది. చిన్న బటన్‌కు తేడా తెలియదు. మీటరు పొడవు డ్యాష్‌బోర్డుకు అర శాతమంటే 5 మిల్లీమీటర్లు. స్క్రూ రంధ్రాలు కలవవు. నకలుకు నకలు తీస్తే మరీ ఘోరం. అందుకే పొడవాటి ముక్కలకు త్రీడీ స్కాన్ తీసి, కంప్యూటర్‌లోనే కొలత పెంచి ప్రింటు తీయడం మంచిదంటాను.

ప్రింటుకు వాడే సరుకులోనూ చూసుకోవాలి. చవగ్గా దొరికే పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి మంగళగిరి కొండ కింద కారు ఆపి, పానకాల స్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. ముచ్చటపడి ప్రింటు చేసుకున్న గాలి జాలీ వంగి కూర్చుంటుంది. ఏబీఎస్ అయితే వేడికి ఓర్చుకుంటుంది కానీ ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది, అందులోని బ్యుటాడైన్ రబ్బరును అతినీలలోహిత కిరణాలు తినేస్తాయి. ఏఎస్‌ఏ అనే రకంలో ఆ రబ్బరు బదులు ఎండను తట్టుకునే వేరే రబ్బరు ఉంటుంది. మన ఊళ్లకు అదే సరి.

కంపెనీలూ ఇదే దారి పట్టాయి. అరుదైన పాత మోడళ్లకు దొరకని విడిభాగాలను, ప్లాస్టిక్‌వీ లోహపువీ, త్రీడీ ప్రింటింగుతో చేసిస్తున్నట్టు పోర్షే క్లాసిక్ విభాగం 2018లో ప్రకటించింది. కానీ ఆల్విన్ పుష్పక్ స్కూటరుకు, జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ లారీకి అలా చేసిపెట్టే నాథుడెవరు? ఆ కంపెనీయే లేదు.

అంబాసిడర్ పేరును ఎవరు కొన్నారో తెలుసా? ఉత్తరపారాలో 2014 మేలో తయారీ ఆగిపోయింది. 2017లో హిందుస్థాన్ మోటార్స్ ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకు అమ్మేసింది. మన దేశంలో డిజైన్ రిజిస్ట్రేషన్ రక్షణ ఎంత పొడిగించినా 15 ఏళ్లే. ట్రేడ్‌మార్కును మాత్రం పదేళ్లకోసారి పొడిగించుకుంటూ ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. కాబట్టి పాత నాబ్ పోసి అమ్ముకోవడం ఒకటి, పేరూ ముద్రా ఉన్న హార్న్ బటన్ పోసి అమ్ముకోవడం ఇంకొకటి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నాబ్, జాలీ, మీటరు చుట్టూ ఉండే బెజెల్ ఇంట్లో పోసుకోండి. బ్రేకుకు, స్టీరింగుకు సంబంధించిన ఏ ముక్కా వద్దు. టెయిల్ లైటు గ్లాసు కూడా ఆలోచించి చేయండి, ఎరుపు కాస్త పలచనైనా వెనకొచ్చే లారీ డ్రైవరుకు బ్రేకు వేసిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

చివరగా రూల్సు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్ర అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి మాత్రం కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీల్లాంటి వాటికే. మారుతీ 800 మొదటి బండి తాళాలు 1983 డిసెంబరు 14న యజమాని చేతికి అందాయి. అంటే ఆ కారుకు వింటేజ్ హోదా తలుపు తెరుచుకునేది 2033 డిసెంబరులో. మీ షెడ్డులో తొలి ఏళ్ల 800 ఉంటే, నాలుగు గ్లాసు హ్యాండిళ్లలో ఒక్కటైనా విరక్కుండా ఉన్నప్పుడే అచ్చు తీసి పెట్టుకోండి.