కోడి నిద్రకు దండెం కర్ర అవసరమా?

పెరటి కోడికి రాత్రిపూట వాలడానికి కర్ర లేకపోయినా ప్రాణం పోదు. ఉంటే మాత్రం ఒంటికి ఆరోగ్యం, నిద్రకు నిబ్బరం. నేల మీద పడుకున్న కోడి తన పెంటలోనే తెల్లవార్లూ ఉండాల్సి వస్తుంది. బళ్లారి పక్కనున్న కప్పగల్లు వంటి ఊళ్లలో నాలుగైదు నాటుకోళ్లు పెంచే ఇంటివారు కూడా గూట్లో ఒక దండెం కర్ర కట్టడం మేలు.

ఇంటి కోడి మూలం ఎర్ర అడవికోడి. పగలంతా నేల గీరి మేత ఏరుకున్నా, చీకటి పడేసరికి అది చెట్టెక్కుతుంది. కోడికి చీకట్లో చూపు బాగా తక్కువ. శత్రువు వచ్చినా పారిపోలేదు కాబట్టి, శత్రువుకు అందని చోటు ముందే చూసుకుంటుంది. వేల ఏళ్లుగా మనిషి నీడన పెరిగినా కోడికి ఈ గుణం పోలేదు. సాయంత్రం గూడు తెరిచి ఉన్నా కొన్ని కోళ్లు వేపకొమ్మ మీదికో, పశువుల కొట్టం వాసాల మీదికో ఎగరడానికి కారణం ఇదే. కాలి నిర్మాణం కూడా ఇందుకు అనువుగానే ఉంటుంది. కోడి కాళ్లు మడిచి కూర్చోగానే కాలి వెనక స్నాయువులు బిగిసి, వేళ్లు కర్ర చుట్టూ ముడుచుకుంటాయి. అందుకే నిద్రలోనూ అది జారిపడదు.

దండెం వల్ల శుభ్రత కూడా దక్కుతుంది. కోడి రోజంతా వేసే పెంటలో చాలా భాగం రాత్రి వేసేదే. అది తడిసి కుళ్లితే అమ్మోనియా ఘాటు పుట్టి కళ్లకూ ఊపిరికీ చేటు చేస్తుంది. రక్త విరేచనాలు కలిగించే కాక్సిడియోసిస్ క్రిములు బలపడేదీ తడి నేలలోనే. కర్ర మీద పడుకుంటే పెంట కిందికి రాలిపోతుంది, కోడి పొడిగా ఉంటుంది. కర్ర కింద వేరుశనగ పొట్టో వరి ఊకో పరిస్తే పొద్దున్నే ఎత్తి ఎరువు గుంటలో వేయవచ్చు. ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే బళ్లారి ప్రాంతంలో, కోడి పొట్ట కింద గాలి ఆడటం మరో మేలు. అయితే రేకుల కప్పుకు మరీ దగ్గరగా కడితే రేకు వేడి కోడికి తగులుతుంది.

కర్ర ఒకటిన్నర, రెండు అంగుళాల మందం ఉండి, అంచులు నున్నగా ఉండాలి. సన్నటి ఇనుప చువ్వ, పట్టు దొరకని ప్లాస్టిక్ గొట్టం పనికిరావు. యూరోపియన్ యూనియన్ 1999లో గుడ్ల కోళ్లకు పెట్టిన నిబంధనల ప్రకారం ఒక్కో కోడికి కనీసం 15 సెంటీమీటర్ల చోటు, కర్రకూ కర్రకూ మధ్య 30, గోడకు 20 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పెరటి గూటికీ ఇవే కొలతలు సరిపోతాయి. ఒళ్లు పెద్దదైతే ఇంకాస్త చోటివ్వాలి. కర్రలన్నీ ఒకే ఎత్తున ఉంటే పై కర్ర కోసం పోట్లాట తగ్గుతుంది. గుడ్లు పెట్టే గంప లేదా పెట్టె కర్ర కన్నా కింద ఉండాలి. పైన ఉంటే కోళ్లు అందులోనే నిద్రపోయి గుడ్లను పాడుచేస్తాయి.

ఎత్తు మాత్రం కోడి జాతిని బట్టి మారుతుంది. తేలికపాటి నాటుకోడి రెండు మూడు అడుగులు సులువుగా ఎక్కి దిగుతుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా, బెంగళూరులో పుట్టిన గిరిరాజా బరువైన కోళ్లు. ఎత్తు నుంచి దూకితే వాటి అరికాళ్లు వాచి పుండ్లు పడవచ్చు, రొమ్ము ఎముక దెబ్బతినవచ్చు. వీటికి అడుగు, అడుగున్నర చాలు. ఆరు వారాల్లో కోతకు వెళ్లే బ్రాయిలర్‌కు దండెం లేకున్నా పొడి పరుపు ఉంటే సరి. పొదుగుకోడి, తల్లి రెక్కల కింది పిల్లలు నేల మీదే ఉండాలి. నెల దాటిన పిల్లలకు జానెడు ఎత్తున ఒక కర్ర పెడితే ఎక్కడం దిగడం త్వరగా అలవాటవుతుంది.

శ్రద్ధ పెట్టకపోతే ఆ కర్రే పురుగులకు ఇల్లవుతుంది. కోడి పిడుదులు, ఎర్ర నల్లులు పగలు సందుల్లో నక్కి, రాత్రి నిద్రపోతున్న కోడి రక్తం తాగుతాయి. కర్రను పగటిపూట ఎత్తి, గోడలో దూరే కొసలను తిప్పి చూస్తే అవి గుంపులుగా కనిపిస్తాయి. పిడుదు కుట్టడం వల్ల జ్వరం, పచ్చని విరేచనాలతో ప్రాణం తీసే స్పైరోకీటోసిస్ కూడా సోకుతుంది. అందుకే బెరడు తీసిన కర్రనే వాడాలి. మేకులు కొట్టకుండా, ఎత్తి తీయగలిగేలా అమర్చాలి. అప్పుడప్పుడు మరిగే నీళ్లు పోసి ఎండలో ఆరబెట్టాలి, గోడ పగుళ్లు పూడ్చి సున్నం వేయాలి.

దండెం ఉన్నంత మాత్రాన గూటికి తలుపు అక్కర్లేదనుకోకూడదు. కప్పగల్లు చుట్టూ ఉన్నటువంటి రాతి గుట్టల సందులు ముంగిసలకు, అడవి పిల్లులకు, పాములకు మంచి ఆశ్రయం. పిల్లి చెట్టెక్కగలదు, పాము గోడ పాకగలదు. కాబట్టి గూటికి గట్టి తలుపు, గాలి ఆడే చోట సన్న కన్నుల జాలీ ఉండాలి. తలుపు వేసిన గూట్లో పొడి నేల, దాని మీద తగిన ఎత్తున శుభ్రమైన కర్ర ఉంటే పెరటి కోడి నిద్రకు కావలసినవన్నీ అమరినట్లే.