కంప్యూటరులో గంట కొట్టునదెవరు?

ఆత్మకూరులో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకొందము. ఉపాధ్యాయుడు నిమిషనిమిషమునకు గడియారము చూచుకొనుచుండిన పాఠము సాగదు. అందుచేతనే గంట కొట్టు పని బంట్రోతునకు అప్పగింతురు. గంట మ్రోగువరకు ఉపాధ్యాయుడు నిశ్చింతగా పాఠము చెప్పును. పూర్వపు కంప్యూటరులలో ప్రాసెసరునకు గూడ ఇట్టి సహాయకుడు ఒకడుండెను.

మన దేశములో 1984-85లో ప్రారంభమైన 'క్లాస్' పథకము క్రింద మొదట 250 పాఠశాలలకు కంప్యూటరులు ఇచ్చిరి. అవి ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీ రూపొందించిన 'బి.బి.సి. మైక్రో' యంత్రములు. అందు లెక్కలు చేయునది 6502 అను ప్రాసెసరు. దానికి తోడుగా 6522 అను చిప్పులు రెండు కలవు. నలుబది కాళ్లుగల ఈ చిప్పునకు ముఖ్యమైన పనులు రెండు: కాలమును లెక్కించుట, బయటి పరికరములతో సంబంధము కలుపుట.

మొదట కాలము సంగతి చూతము. చిప్పులోని టైమరు ఒక సంఖ్యను పట్టియుంచు పాత్ర వంటిది. ఈ యంత్రములో దానికి సెకండునకు పదిలక్షల విద్యుత్ స్పందనములు అందును. ఒక్కొక్క స్పందనమునకు సంఖ్య ఒకటి చొప్పున తగ్గును. సున్న దాటగానే చిప్పు ప్రాసెసరునకు అంతరాయ సంకేతము పంపును. ఇదియే గంట. ప్రాసెసరు తాను ఎక్కడ ఆగినదో గుర్తుంచుకొని, గంటకు సంబంధించిన పని ముగించి, మరల మొదటి పనికి వచ్చును.

ఈ గంట సెకండునకు నూరుసార్లు, అనగా 10,000 స్పందనములకు ఒకసారి, మ్రోగవలెను. అట్లయిన టైమరులో 10,000 నింపవలెనా? కాదు. సంఖ్య సున్నకు చేరిన పిమ్మట దానిని దాటుటకు ఒక స్పందనము, మొదటి సంఖ్య తిరిగి నిండుటకు మరొక స్పందనము పట్టును. కనుక నింపవలసినది 9,998. ఈ రెండింటిని మరచినచో గడియారము రోజునకు సుమారు 17 సెకండులు వెనుకబడును! ప్రాసెసరు ఒక్కసారి 255కు మించిన సంఖ్యను పంపజాలదు గనుక 9,998ని 14, 39 అను రెండు భాగములుగా పంపును. 39ని 256చే గుణించి 14 కలిపి చూడుడు. బేసిక్ భాషలో 'టైమ్' అను మాటకు వచ్చు జవాబు ఈ గంటల లెక్కయే.

ఇక రెండవ పని. చిప్పునకు ఎనిమిదేసి తీగలుగల పోర్టులు రెండు కలవు. ఏ తీగ సమాచారమును లోనికి తెచ్చునో, ఏది వెలుపలికి పంపునో ముందుగా నిర్ణయింపవచ్చును. దీనికి ఒక దిశా రిజిస్టరు కలదు. అందు 1 వ్రాసిన తీగ వెలుపలికి, 0 వ్రాసినది లోనికి పనిచేయును. 255 వ్రాసినచో ఎనిమిది తీగలును వెలుపలికే. 15 వ్రాసినచో నాలుగు వెలుపలికి, నాలుగు లోనికి. ఎందుచేతనో 15ను ద్విసంఖ్యామానములో వ్రాసిన తెలియును.

బి.బి.సి. మైక్రోలో ఒక 6522 చిప్పు కీబోర్డును, ధ్వనిని, గడియారమును చూచుకొనును. రెండవది ప్రింటరునకును, విద్యార్థుల ప్రయోగములకును ఉద్దేశింపబడినది. అయితే దాని తీగలలో ప్రవహించు విద్యుత్తు స్వల్పము. మోటారు వంటి వానిని నేరుగా తగిలింపరాదు, ట్రాన్సిస్టరు మూలముననే నడుపవలెను.

మీట నొక్కినను, టైమరు ముగిసినను ప్రాసెసరును పిలుచు తీగ ఒక్కటియే. మరి పిలిచినదెవరు? చిప్పులోని మరొక రిజిస్టరులో ఒక్కొక్క కారణమునకు ఒక్కొక్క గుర్తు కలదు. ప్రాసెసరు దానిని చదివి కారణము తెలిసికొనును.

నేడు టైమరు, పోర్టులు, ప్రాసెసరు కలిసి మైక్రోకంట్రోలరు అను ఒకే చిప్పులో ఇమిడియుండును. బట్టలుతుకు యంత్రములలో ఉండునవి ఇట్టివే. పరిమాణము తగ్గినది గాని సూత్రము మారలేదు: కాలము లెక్కించు పనిని వేరొకరికి అప్పగించినప్పుడే ప్రాసెసరు తన పని తాను చేసికొనగలదు.